రోడ్డు మీద లెక్క

రోడ్డు మీద ఎవరైనా చనిపోతే "వాళ్ళ టైము బాగాలేదు" అంటారు. "రాత అట్లా రాసి ఉంది" అంటారు. "పొద్దున లేచి ఎవరి ముఖం చూశాడో" అంటారు. నాలుగు రోజులు ఏడుస్తారు. కొన్నాళ్ళకు అదే చోట ఇంకొకరు పడతారు.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ జరిగేది రాత కాదు. దానికి కారణం ఉంటుంది. కారణం ఉంటే వెతికితే దొరుకుతుంది. దొరికితే సరిచేయవచ్చు. కారణాన్ని పట్టుకోవడానికి కావలసినవి మూడే. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, కొంచెం ఓపిక.

కలరా నేర్పిన పాఠం

1854లో లండన్ నగరంలో కలరా వచ్చింది. ఒక పేటలో పది రోజుల్లోనే అయిదు వందల మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పటి డాక్టర్లు చాలామంది నమ్మేవారు.

జాన్ స్నో అనే డాక్టరు అట్లా అనుకోలేదు. ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరు చనిపోయారు? ఏ ఇంట్లో? ఏ నీళ్ళు తాగారు? అని అడిగాడు. చాలామంది ఒకే వీధి పంపు నీళ్ళు తాగారని తేలింది. ఆయన మాట మీద ఆ పంపు హాండిలు తీసేశారు. తరువాత ఆయన చావులన్నిటినీ పటం మీద గుర్తు పెట్టి చూపించాడు. గుర్తులు ఆ పంపు చుట్టూ గుంపుగా కనిపించాయి.

కలరా ఎట్లా వస్తుందో ఆయన ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు. లెక్క చూపించాడు. రోడ్డు ప్రమాదాలకు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. ప్రమాదాలను పటం మీద గుర్తు పెడితే అవి ఊరంతా సమానంగా ఉండవు. కొన్ని చోట్ల గుంపులుగా ఉంటాయి.

దేశం లెక్క

మన దేశంలో రోడ్డు ప్రమాదాల లెక్కను కేంద్ర ప్రభుత్వం ఏటా పుస్తకంగా అచ్చు వేస్తుంది. పోలీసు స్టేషన్లలో రాసిన కేసులను బట్టి ఆ లెక్క తయారవుతుంది. అందులో చనిపోయిన వాళ్ళ సంఖ్య ఇట్లా ఉంది.

2021లో: 1,53,972 మంది
2022లో: 1,68,491 మంది
2023లో: 1,72,890 మంది

2022 లెక్కను 365 రోజులకు పంచితే రోజుకు సుమారు 462 మంది అవుతారు. గంటకు 19 మంది. అన్నం వండి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగే లోపల దేశంలో ఎక్కడో 19 ఇళ్ళలో ఏడుపు మొదలవుతోంది.

చనిపోయిన వాళ్ళు ఎవరు? కార్లలో తిరిగేవాళ్ళే అనుకుంటే పొరపాటు. 2022లో చనిపోయిన ప్రతి వంద మందిలో 44 మందికి పైగా స్కూటరు, మోటారు సైకిలు మీద వెళ్ళేవాళ్ళు. మరో 19 మందికి పైగా నడిచి వెళ్ళేవాళ్ళు. రెండూ కలిపితే నూటికి 64 మంది. అంటే చుట్టూ ఇనుప డబ్బా లేని వాళ్ళే ఎక్కువగా పోతున్నారు.

ఎప్పుడు? సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య ప్రమాదాలు అన్నిటికంటే ఎక్కువ. పని నుంచి ఇంటికి వచ్చే వేళ అది. అలసట, తొందర, మసక వెలుతురు మూడూ కలిసే వేళ.

ఎందుకు? పోలీసు లెక్కల్లో ఎక్కువగా కనిపించే కారణం అతి వేగం. 2022 చావుల్లో నూటికి 71 దాని కిందే రాశారు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కేసు రాసేటప్పుడు డ్రైవరు తప్పు వెంటనే కనిపిస్తుంది. దీపం వెలగలేదని, రోడ్డు దాటే చోటు లేదని, మలుపులో చెట్టు అడ్డం ఉందని చాలాసార్లు ఎవరూ రాయరు. ఆ సంగతులు అక్కడ బతికే వాళ్ళకే తెలుస్తాయి. అందుకే బస్తీ లెక్క కూడా కావాలి.

ఒక బస్తీ లెక్క

హైదరాబాదు లాంటి నగరంలో పెద్ద రోడ్డు పక్కన ఒక బస్తీ ఉందనుకోండి. ఇది లెక్క నేర్చుకోవడానికి చెప్పే ఉదాహరణ. బస్తీ పొదుపు సంఘం మీటింగులో రోడ్డు మాట వచ్చింది.

"స్కూలు దగ్గర స్పీడు బ్రేకరు వేయించాలె. అదే ముందు పని" అంది ఒక ఆమె.

"అది కాదు వదినా. తాగి నడిపేటోళ్ళను పట్టుకోవాలె" అంది ఇంకొక ఆమె.

"పిల్లలు ఊరికే ఉరుకుతరు. తల్లులు చూసుకోవాలె" అంది ఒక పెద్దమ్మ.

అందరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏది ముందు చేయాలి? అక్షరదీపం బడికి వచ్చే ఒక అమ్మాయి లేచింది. "పెద్దమ్మా, జరిగినవన్నీ ఒకసారి రాసి చూద్దాం. అప్పుడు ఏది ముందో తెలుస్తది" అంది.

వాళ్ళు ఒక ఏడాదిలో జరిగిన ప్రమాదాలు గుర్తు చేసుకున్నారు. పూల అమ్మే ఆమెను అడిగారు. ఆటో స్టాండు వాళ్ళను అడిగారు. మందుల షాపు అతన్ని అడిగారు. మొత్తం 20 తేలాయి. ఒక్కొక్క ప్రమాదానికి నాలుగు ప్రశ్నలు వేశారు.

ఎక్కడ? ఎప్పుడు? ఎవరికి? ఎట్లా?

ఒక్కొక్క ప్రమాదానికి ఒక్కొక్క గీత గీశారు. నాలుగు గీతలు అయ్యాక అయిదో గీత అడ్డంగా కొట్టారు. పాల లెక్క, చాకలి లెక్క గోడ మీద రాసినట్టే. గీతలు లెక్కపెడితే ఇట్లా వచ్చింది.

ఎప్పుడు?
పొద్దున 6 నుంచి 10 వరకు: 4
పగలు 10 నుంచి 5 వరకు: 3
సాయంత్రం 5 నుంచి 9 వరకు: 11
రాత్రి 9 తరువాత: 2

ఎక్కడ?
బస్టాపు ఎదుట: 13
కిరాణా కొట్టు మలుపు: 4
స్కూలు గేటు: 3

ఎవరికి?
నడిచేవాళ్ళకు: 12
స్కూటరు, మోటారు సైకిలు వాళ్ళకు: 6
ఆటోలో వాళ్ళకు: 2

మూడు చోట్లా కూడితే 20 రావాలి. రాకపోతే ఎక్కడో ఒకటి వదిలేశామని గుర్తు.

ఇప్పుడు రెండు లెక్కలు కలిపి చూశారు. సాయంత్రం జరిగిన 11 ప్రమాదాల్లో 9 బస్టాపు ఎదుటే జరిగాయి. అంటే మొత్తం 20లో దాదాపు సగం ఒకే చోట, ఒకే వేళ జరిగాయి. ముడి ఎక్కడుందో దొరికింది.

మరునాడు సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు వెళ్ళి బస్టాపు దగ్గర గంటసేపు నిలబడ్డారు. ఏం చూశారు? బస్టాపు మీద వీధి దీపం వెలగడం లేదు. రోడ్డు దాటే తెల్ల గీతలు చాలా దూరంలో ఉన్నాయి. బస్సు దిగినవాళ్ళు బస్సు ముందు నుంచే దాటుతున్నారు. బస్సును దాటిపోయే మోటారు సైకిలుకు వాళ్ళు కనిపించరు. వాళ్ళకూ మోటారు సైకిలు కనిపించదు. ఒకరినొకరు చూసుకునేసరికి మధ్యన రెండు గజాల దూరం కూడా ఉండదు.

తాగిన డ్రైవరు లేకపోయినా అక్కడ ప్రమాదం జరుగుతుంది. అక్కడ దాటేది పిల్లలు కాదు, పని నుంచి వచ్చే తల్లులు.

మరి స్కూలు గేటు సంగతి? అక్కడ మూడే జరిగాయి కదా అని వదిలేయకూడదు. బడి వదిలే వేళ ఒక పంతులమ్మ చెయ్యి అడ్డం పెట్టి పిల్లలను దాటిస్తోంది. ఆ జాగ్రత్త వల్లే అక్కడ లెక్క తక్కువగా ఉండవచ్చు. తక్కువ ఉన్నచోట ఏది మంచి జరుగుతోందో కూడా చూడాలి.

లెక్కలో మోసపోకూడదు

లెక్క మంచిదే. కానీ తొందరపడి చదివితే తప్పుదారి పట్టిస్తుంది. మూడు జాగ్రత్తలు కావాలి.

ఒకటి. ఒక నెల చూసి తీర్పు చెప్పకూడదు. ఒక నెల రెండు, మరుసటి నెల సున్నా కావచ్చు. అంతమాత్రాన రోడ్డు బాగుపడినట్టు కాదు. ప్రభుత్వం కూడా మూడేళ్ళ లెక్క చూస్తుంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల లోపల మూడేళ్ళలో చావులు గాని పెద్ద గాయాలు గాని అయిన ప్రమాదాలు 5 జరిగితే దానికి 'బ్లాక్ స్పాట్' అని పేరు పెడతారు. మూడేళ్ళలో 10 మంది చనిపోయినా అదే పేరు. అంటే ప్రమాదాల గుంత. అట్లాంటి చోటును ముందు బాగుచేయాలి.

రెండు. తగ్గినా పెరిగినా కారణం అడగాలి. 2020లో దేశంలో ప్రమాదాలు బాగా తగ్గాయి. రోడ్లు బాగుపడి కాదు. కరోనా లాక్‌డౌన్‌లో బండ్లు తిరగలేదు. బండ్లు మళ్ళీ తిరిగాక లెక్క మళ్ళీ పెరిగింది.

మూడు. రాయనిది లెక్కలోకి రాదు. దెబ్బ తగిలి, పసుపు పెట్టుకుని, ఇంట్లో పడుకున్న వాళ్ళ సంగతి పోలీసు పుస్తకంలో ఉండదు. చావు జరిగేదాకా ఆగితే ఆలస్యమే. చిన్న దెబ్బలు రాసుకుంటే పెద్ద చావు ఎక్కడ రాబోతోందో ముందే తెలుస్తుంది.

వేగం లెక్క

"నేను బ్రేకు వేశాను, బండి ఆగలేదు" అని డ్రైవరు అంటాడు. అది అబద్ధం కాకపోవచ్చు. ఈ లెక్క చూడండి.

బండి గంటకు 36 కిలోమీటర్లు పోతోంది. 36 కిలోమీటర్లు అంటే 36,000 మీటర్లు. గంటకు 3,600 సెకన్లు. భాగిస్తే సెకనుకు 10 మీటర్లు.

మనిషి అడ్డం వచ్చినట్టు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ లోపలే బండి 10 మీటర్లు పోతుంది. బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద ఇంకా సుమారు 10 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు.

అదే బండి గంటకు 72 కిలోమీటర్లు పోతే? బ్రేకు వేసే లోపల 20 మీటర్లు పోతుంది. బ్రేకు వేశాక ఇంకో 20 కాదు, 40 మీటర్లు పోతుంది. వేగం రెండింతలు అయితే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలు అవుతుంది. మొత్తం 60 మీటర్లు. అంటే దాదాపు 200 అడుగులు. వాన పడి రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

బస్సు ముందు నుంచి దాటే మనిషి బండికి కనిపించేది పది అడుగుల్లో. అప్పుడు ఏ బ్రేకూ కాపాడలేదు. అందుకే జనం దాటే చోట వేగం ముందే తగ్గాలి. అందుకే బస్సు వెళ్ళిపోయాకే రోడ్డు దాటాలి.

మనిషి పొరపాటు చేస్తాడు

స్వీడన్ అనే దేశం 1997లో ఒక నిర్ణయం తీసుకుంది. రోడ్ల మీద చావులు, పెద్ద గాయాలు సున్నా కావాలని పార్లమెంటులో తీర్మానం చేసింది. వాళ్ళ ఆలోచన ఇది. మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకూడదు. రోడ్డు కట్టేవాళ్ళు, బండి తయారుచేసేవాళ్ళు, నడిపేవాళ్ళు అందరికీ అందులో బాధ్యత ఉంది.

మన ఇళ్ళలో కూడా ఇదే పద్ధతి ఉంది. పసిపిల్ల బావి దగ్గరకు పోతుందని తెలుసు. పిల్లకు బుద్ధి చెబుతాం. దాంతోపాటు బావికి గట్టు కూడా కడతాం. రోడ్డుకు గట్టు ఏది? వెలిగే దీపం, నడిచే దారి, దాటే గీతలు, మధ్యలో ఆగి నిలబడే తిన్నె, రంగు వేసిన స్పీడు బ్రేకరు. రంగు వేయని బ్రేకరు రాత్రిపూట కనిపించదు. అది మేలు చేయబోయి కీడు చేస్తుంది.

బండి వెనక కూర్చునే ఆడవాళ్ళకు

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. నడిపేవాళ్ళే కాదు, వెనక కూర్చున్న వాళ్ళు కూడా. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన వాళ్ళు 50,029 మంది అని ప్రభుత్వ లెక్క. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్న వాళ్ళు.

భర్తకు హెల్మెట్ ఉంటుంది. భార్యకు కొంగే హెల్మెట్. పోలీసు కనిపిస్తే కొంగు తల మీద వేసుకుంటే సరిపోదు కదా! మంచి హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగిస్తే తలకు పెద్ద దెబ్బ తగిలే ముప్పు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి.

చీర కొంగు, చున్నీ చక్రంలో పడితే మెడకు ఉరి అవుతుంది. కూర్చోక ముందే కొంగు నడుముకు దోపుకోవాలి. చున్నీ ముడి వేసుకోవాలి. వెనక చక్రానికి సగం వరకు అడ్డు, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి చోటు ఉండాలని రూలు ఉంది. బండి కొనేటప్పుడు అవి ఉన్నాయో లేదో ఆడవాళ్ళే చూడాలి. తీసేస్తే ఒప్పుకోకూడదు.

ప్రమాదం జరిగితే

108కి గాని 112కి గాని ఫోను చేయాలి. డబ్బు ఖర్చు లేదు. చోటు గుర్తు స్పష్టంగా చెప్పాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. మెడ, నడుము వంచి ఎత్తకూడదు.

"సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటాం" అని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్టం సాయం చేసేవాళ్ళకు రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. డబ్బు కట్టమని ఆసుపత్రి వాళ్ళు ఆపకూడదు.

2025 మే నెలలో కేంద్రం ఒక పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వాళ్ళకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా చికిత్స చేస్తారు.

పోలీసు స్టేషనులో కేసు రాయించి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోవాలి. దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. కాబట్టి ఆలస్యం చేయకూడదు. గుద్దిన బండి దొరకకపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అట్లాంటి కేసుల్లో చావుకు 2 లక్షలు, పెద్ద గాయానికి 50 వేలు ఇస్తారు.

ఇంటి పని మాత్రమే చేసే ఆడమనిషి చనిపోతే "ఆమెకు సంపాదన లేదు" అనడం చెల్లదు. ఇంటి పనికీ విలువ కట్టాలని 2021లో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో చెప్పింది. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. దానికి 15100కి ఫోను చేయవచ్చు.

అర్జీ రాద్దాం

మున్సిపల్ కమిషనర్ గారికి,

అయ్యా,

మేము ........ బస్తీ మహిళా సంఘం సభ్యులం. మా బస్టాపు ఎదుట ఏడాదిలో ...... ప్రమాదాలు జరిగాయి. వాటిలో ...... సాయంత్రం 5, 9 గంటల మధ్య జరిగాయి. అక్కడ వీధి దీపం వెలగడం లేదు. రోడ్డు దాటే గీతలు లేవు. దీపం వెలిగించాలని, గీతలు వేయించాలని కోరుతున్నాము. మేము రాసిన లెక్క, పటం దీనితో జత చేశాము.

ఇట్లు,
సభ్యుల సంతకాలు, తేదీ

ఒక నకలు ట్రాఫిక్ పోలీసు స్టేషనులో ఇవ్వాలి. కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అక్కడా ఇవ్వవచ్చు. అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోవాలి. "ప్రమాదాలు చాలా జరుగుతున్నాయి" అంటే ఆఫీసరు తల ఊపుతాడు. "20లో 13 ఇక్కడే" అని రాసి ఇస్తే జవాబు చెప్పాలి.

పని జరిగాక పుస్తకం మూసేయకూడదు. ఇంకో ఏడాది గీతలు గీయాలి. కిందటేడు అవే నెలలతో పోల్చాలి. తగ్గితే చేసిన పని సరైనది. తగ్గకపోతే కారణం ఇంకొకటి ఉంది. మళ్ళీ వెతకాలి.

కొత్త మాటలు

నష్టపరిహారం: జరిగిన నష్టానికి ఇచ్చే డబ్బు
నకలు: అసలు కాగితం లాంటి ఇంకొక కాగితం
తీర్మానం: అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం
గడువు: పని చేయడానికి ఇచ్చిన సమయం

లెక్క చేయండి

1. బస్తీ లెక్కలో 20 ప్రమాదాల్లో 11 సాయంత్రం జరిగాయి. నూటికి ఎన్ని?
2. 2021 కంటే 2022లో ఎంతమంది ఎక్కువ చనిపోయారు?
3. బండి గంటకు 54 కిలోమీటర్లు పోతే ఒక సెకనుకు ఎన్ని మీటర్లు పోతుంది?

చర్చించండి, రాయండి

1. మీ ఇంటి నుంచి పని చోటికి వెళ్ళే దారిలో భయపెట్టే చోటు ఏది? అక్కడ ఏం లేదు?
2. మీ వీధిలో కిందటేడు జరిగిన ప్రమాదాలను నాలుగు ప్రశ్నలతో రాయండి.
3. మీ ఇంట్లో బండి ఉంటే హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి? ఎవరికి లేదు? ఎందుకు లేదు?